సెట్టు బాబాయ్‌గారు

పోయిన గురువారం సెట్టు బాబాయ్‌గారు పోయారు. కబురు చెప్పిన పక్కింటావిడ మాట పూర్తి చెయ్యకముందే చేతిలో గరిటె వదిలేసి ఏడ్చాను. టిఫిన్ తింటున్నవాళ్ళు ప్లేట్లు పట్టుకుని నన్నే చూస్తున్నారు. వాళ్ళు ఏమనుకుంటున్నారో నాకు తెలుసు. ఆ మనిషి మాట నమ్మే కదా దీనికి మొగుడి ఆఖరి చూపు దక్కలేదు, మళ్ళీ ఈ ఏడుపేంటి అని. నిజమే. ఆయన ఆ ఒక్క మాట చెప్పకపోతే నేను ఆ రోజు ఒంగోలు వెళ్ళేదాన్ని. మా ఆయన ఊపిరుండగా చేరేదాన్ని. అది మర్చిపోయి ఏడవలేదు నేను. గుర్తుండే ఏడ్చాను.

పేరు రాయను. రాసినా ఉపయోగం లేదు, మా కాలనీలో ఆయన పేరు తెలిసినవాళ్ళు లేరు. కరెంటు బిల్లు తీసేవాడు కూడా "సెట్టు బాబాయ్‌గారిల్లు ఎక్కడ?" అనే అడిగేవాడు. మాది గుంటూరులో మిర్చి యార్డు వెనక కాలనీ. లారీలు నడిపేవాళ్ళు, బస్తాలు మోసేవాళ్ళు, మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళు, అందరం అక్కడే. సీజన్లో బయటివాళ్ళు వస్తే వీధి మొదట్లోనే తుమ్మడం మొదలుపెడతారు. అలాంటి చోట, పోలీసు డిపార్టుమెంటులో చేసి రిటైరైన మనిషి, కోరి వచ్చి రెండు గదులు కట్టుకున్నాడు. ఎందుకయ్యా అంటే ఇక్కడ చుట్టూ ఎత్తు మేడలు లేవట. గాల్లో వచ్చే మాటకి అడ్డం ఉండదట! ఇంటికి సున్నమైనా వెయ్యకుండా డాబా మీద అంత పొడుగు ఇనప గొట్టం పాతించాడు. పిడుగులకి భయపడే రకమేమో అనుకున్నాం మేము.

ఆయన ఉద్యోగమంతా వైర్‌లెస్‌లో. పోలీసుల సెట్లు పాడైతే బాగుచేసేవారు. రిటైరయ్యాక చేతులు ఊరుకోలేదు, ఒక పెట్టె కొనుక్కున్నారు. స్కానర్ అంటారట దాన్ని. మా నోటికి అది సెట్టే. మామూలు రేడియోలాగా ఒక్క స్టేషన్ పట్టుకుని కూర్చోదు. పోలీసులు, ఫైరింజను వాళ్ళు, హైవే మీద తిరిగే జీపులవాళ్ళు, ఎవరు మాట్లాడితే వాళ్ళ దగ్గర ఆగుతుంది. వాళ్ళ మాట అయిపోగానే మళ్ళీ వెతుక్కుంటూ పోతుంది. పొద్దున కాఫీ తాగి వరండాలో కుర్చీ వేసుకున్నారంటే ఇక దాని ముందే. వాళ్ళావిడని మేం పిన్నిగారు అంటాం. ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఆ పెట్టెకే కట్టాల్సింది తాళి. నాకు అనవసరంగా కట్టారు" అనేది. ఆయన ఆవిడ మాట మొత్తం అయ్యేదాకా ఆగి, "అయిందా? అయితే ఇంకో అరగ్లాసు కాఫీ ఇవ్వు" అనేవారు.

ఆ ఆగడమే ఆయన. ఎదుటి మనిషి మాట మధ్యలో నోరు తెరిచి ఎరగరు. నాదా, గయ్యాళి నోరు. అవతలివాళ్ళు మొదలుపెట్టకముందే నా జవాబు తయారు. ఒకసారి నా మీద విసుక్కున్నారు కూడా. "ఒకరు మాట్లాడేటప్పుడు ఇంకొకరు బటన్ నొక్కితే ఇద్దరి మాటా పోతుందమ్మాయ్. మూడోవాడికి గరగర తప్ప ఏం వినపడదు" అన్నారు. "మీరు పోలీసు సెట్టు కాదు బాబాయ్‌గారూ, నేను జీపులో ఎస్సైని కాదు. చట్నీ వెయ్యనా వద్దా చెప్పండి" అన్నాను. ఆయన నవ్వలేదు. అది కూడా పూర్తిగా విని, ఒక్క క్షణం ఆగి, "వెయ్యి" అన్నారు.

మా హోటల్లో, హోటలంటే నాలుగు బల్లలు, ఒక పొయ్యి, ఆయన టిఫిన్ చెప్పే తీరు చూడాలి. నేను ఆర్డరు తీసుకున్నాక నాతో తిరిగి చెప్పించేవారు. "ఏం చెప్పాను?" "రెండిడ్లీ, ఒక గారె, అల్లం పచ్చడి ఎక్కువ." "కరెక్ట్." పనిలో చచ్చే తీరిక కూడా లేనప్పుడు ఈ పరీక్షలేంటని ఒళ్ళు మండేది. ఎవరి పేరైనా ఫోన్లో చెప్పాలంటే ఒక్కో అక్షరానికి ఒక్కో ఊరు పెట్టేవారు. నెల్లూరు నె, రేపల్లె రే, కాకాని కా. మా ఆయన ఆటపట్టించేవాడు. "బాబాయ్‌గారూ, మీరు పిన్నిగారిని పిలవాలంటే రాష్ట్రమంతా తిరిగి రావాలే!" అని. అప్పుడు మాత్రం నవ్వారు. మా ఆయనంటే ఆయనకి ఇష్టం. మా ఆయన్ని డ్రైవరుగా పెట్టుకున్న యజమాని కొత్త లారీ కొని దానికి పెదకాకాని గుళ్ళో పూజ చేయించిన రోజు, మా ఆయన స్టీరింగు దగ్గర పక్కన కూర్చోబెట్టుకుని కాలనీ దాకా తీసుకొచ్చాడు ఆయన్ని. దిగుతూ బండి నంబరు చూసి, పెదాలు కదుపుతూ మనసులో వేసుకున్నారు. మా కాలనీ బళ్ళ నంబర్లన్నీ ఆయనకి నోటికి వచ్చు.

అవి ఎందుకో చెప్తాను. మాలాంటి ఇళ్ళలో మొగవాడు లారీ ఎక్కాడంటే ఆడదానికి ప్రాణం గుప్పిట్లో ఉంటుంది. చిలకలూరిపేట దగ్గర యాక్సిడెంటట, మార్టూరు దగ్గర లారీ బోల్తాపడిందట అని వీధిలో ఎవరో ఒక మాట అంటే చాలు, పొయ్యి మీద అన్నం పొయ్యి మీదే. ఫోన్ చేస్తే ఎత్తడు, డ్రైవింగులో ఉంటాడు, లేకపోతే సిగ్నలుండదు. అప్పుడు అందరం పరిగెత్తేది ఆ వరండాకే. ఆయన చెవి సెట్టుకి దగ్గరగా పెట్టి వినేవారు. విని, తలెత్తి, ఒక్కొక్కరి ముఖం చూసి చెప్పేవారు. "మన బండి కాదు."

ఎవరిదో చెప్పేవారు కాదు. ఎంతమంది పోయారో చెప్పేవారు కాదు. మనసాగక ఒకసారి అడిగాను. "అయితే ఎవరిది బాబాయ్‌గారూ? వినే ఉంటారుగా?"

"విన్నాను. చెప్పకూడదు. అసలు నేను వినడమే డిపార్టుమెంటు వాళ్ళకి తెలిస్తే ఒప్పుకోరు. అందుకని విన్నది చెప్పనమ్మాయ్. కానిది చెప్తా."

"కానిది" అంటే మనది కానిది. అంతవరకే ఆయన తనకి తాను ఇచ్చుకున్న సెలవు. మాకు అదే పదివేలు. ఆ రెండు మాటలు విని ఇంటికెళ్ళి అన్నం తినేవాళ్ళం.

మరి మనదైతే? మనదైతే ఆయన ఏమీ అనేవారు కాదు. లేచి లోపలికి వెళ్ళేవారు. ఆయన ఎండైనా వానైనా బనీనుతోనే ఉండే మనిషి, పెళ్ళికి పిలిస్తే తప్ప చొక్కా తొడిగేవారు కాదు. లోపలికెళ్ళి చొక్కా వేసుకుని బయటికి వచ్చారంటే అర్థం అయిపోయేది. నేను ఒక్కసారే చూశాను. ఆ రోజు ముసురు. ఏడెనిమిది మంది ఆడవాళ్ళం కొంగులు నెత్తిన కప్పుకుని నిలబడి ఉన్నాం. "నీది కాదు, నీది కాదు, నీదీ కాదు" అంటూ వచ్చి, మా ఎదురింటి పిల్ల దగ్గర ఆగిపోయారు. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల. ఆయన లోపలికి వెళ్ళారు. ఆ పిల్ల గుమ్మం వంక చూస్తూ, "వద్దు బాబాయ్‌గారూ, వద్దు, వేసుకోకండి, వేసుకోకండి" అని కేకలు పెట్టింది. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి, "పద తల్లీ, నేనూ వస్తున్నా" అన్నారు. ఆసుపత్రిలో మూడు రోజులు ఆ పిల్లతోనే ఉన్నారు, శవాన్ని ఇంటికి చేర్చేదాకా. చెడ్డ కబురు నోటితో చెప్పలేని మనిషి. దాంతోపాటు నడిచి రావడం మాత్రం చేతనైంది.

తర్వాత కొన్నేళ్ళకి పోలీసుల వైర్‌లెస్ మారిపోయింది. రాష్ట్రమంతటికీ కలిపి ఒకటే డిజిటల్ పద్ధతి పెట్టారన్నారు. ఆ వారమంతా ఆయన సెట్టులో ఎవరో నీళ్ళు పుక్కిలిస్తున్నట్టు ఒకటే శబ్దం. బాబాయ్‌గారు అన్నం సరిగ్గా తినట్లేదని పిన్నిగారు వచ్చి చెప్పింది. ఆ తర్వాత మద్రాసు వెళ్ళి కొత్త సెట్టు తెచ్చుకున్నారు. చిన్నది, ముందు గాజు పలక, దాని మీద అంకెలు, లైట్లు. బయటికి శబ్దం లేదు. ఆయన చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని కూర్చునేవారు. పోన్లే పాపం, కొత్తది బాగానే పనిచేస్తోంది అనుకున్నాం. మేం అడగడానికి రావడం, ఆయన పలక వంక చూడటం, "మన బండి కాదు" అనడం, అంతా మామూలే. ఇదివరకటి కన్నా కొంచెం ఆలస్యంగా చెప్తున్నారని నాకు అనిపించింది. వయసు మీద పడింది కదా అనుకున్నాను.

ఆ రోజు మా ఆయన తెల్లారగానే మద్రాసుకి మిర్చి లోడు వేసుకుని వెళ్ళాడు. టిఫిన్ల హడావుడి తగ్గాక ఎవరో ఫోన్లో ఫోటో చూపించారు. ఒంగోలు దాటాక రోడ్డు పక్కన పడుకున్న లారీ, రోడ్డంతా ఎర్రగా మిరపకాయలు. నంబరు కనపడట్లేదు. మా ఆయనకి ఫోన్ చేశాను. స్విచ్చాఫ్. మళ్ళీ చేశాను. నా ఒళ్ళు నాది కాదు అప్పటికే. చెయ్యి కడుక్కోకుండానే సంచిలో ఒక చీర, కాస్త డబ్బు కుక్కుకుని ఆటో ఆపాను, బస్టాండుకి పోనివ్వమని. బాబాయ్‌గారిల్లు దారిలోనే. ఒక్క నిమిషం ఆగు బాబూ అని దిగాను.

ఆయన ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఉన్నారు. నేను ఏమీ అడగలేదు. నా ముఖం చూశారు, సంచి చూశారు. సెట్టు వంక తిరిగి చాలాసేపు చూశారు. ఎంతసేపు చూశారంటే ఆటోవాడు హారన్ కొట్టాడు. ఆయన లేచి లోపలికి వెళ్తారేమోనని కుర్చీ కోళ్ళ వంకే చూస్తున్నాను నేను. లేవలేదు.

"మన బండి కాదమ్మాయ్" అన్నారు. "వెళ్ళి పిండి రుబ్బుకో."

నాకు కాళ్ళలోకి ప్రాణం వచ్చింది. ఆటోని పంపేశాను. ఇంటికి వచ్చి పిండి రుబ్బాను. మా ఆయన వచ్చాక నాలుగు చివాట్లు పెట్టాలి, ఫోన్ చార్జింగ్ పెట్టుకోవడం చేతకాదా అని, ఏమేం అనాలో కూడా అనుకుంటూ రుబ్బాను. సాయంత్రం ఒంగోలు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది.

నేను వెళ్ళేసరికి అయిపోయింది. స్టీరింగు గుండెలకి తగిలి లోపల దెబ్బతింది. పైకి ఏమీ లేదు, చెంప మీద చిన్న గీత. అక్కడి నర్సమ్మ నా చెయ్యి పట్టుకుని, "పరీక్షలయ్యాక ఇంటికి ఫోన్ చేస్తానంటూ మధ్యాహ్నం దాకా మాట్లాడుతూనే ఉన్నాడమ్మా" అంది. ఊరట అనుకుని చెప్పింది ఆవిడ. మాట్లాడుతూనే ఉన్నాడు! నేను పిండి రుబ్బుతున్నాను.

దినాల్లో ఒకరోజు బాబాయ్‌గారు వచ్చారు. చొక్కా వేసుకుని వచ్చారు. దాన్ని చూడగానే నాకు తిక్క రేగింది. "ఇప్పుడెందుకు వేసుకొచ్చారు? ఆ రోజు ఏమైంది ఈ చొక్కాకి? చాకలికి వేశారా? నా మొగుడు అక్కడ మాట్లాడుతుంటే నన్ను పిండి రుబ్బుకోమంటారా? మీ చెవులు కాలిపోనూ!" అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. చుట్టాలు వచ్చి నన్ను పట్టుకున్నారు. ఆయన నిలబడే ఉన్నారు. నా మాటలన్నీ అయ్యేదాకా ఆగారు. నేను ఆయాసపడుతూ ఆగాక అప్పుడు చెప్పారు.

"నాకు వినపడలేదమ్మా. ఆ రోజే కాదు. కొత్తది పెట్టిన దగ్గర్నుంచీ ఒక్క మాట వినపడలేదు."

ఎవరికీ అర్థం కాలేదు. ఆయనే నెమ్మదిగా చెప్పుకొచ్చారు. ఇప్పుడు వాళ్ళ మాటలకి తాళం వేశారట. ఎవరు కొన్న సెట్టులోనైనా మాట బయటికి రాదట. ఏ ఊరి వాళ్ళు మాట్లాడుతున్నారో ఆ ఊరి లైటు మాత్రం వెలుగుతుందట. అంతే. ఇయర్‌ఫోన్‌లో ఏమీ ఉండదు. ఊరికే పెట్టుకునేవారు, మేం చూస్తామని.

"మరి కాదని ఎలా చెప్పారు?"

"లైట్లని బట్టి. ఒంగోలు దగ్గర మన గుంటూరు బండికి ఏమైనా అయితే, ముందు ఒంగోలు లైటు వెలుగుతుంది. వెంటనే గుంటూరు లైటు వెలగాలి. ఇంటికి కబురు పెట్టమని అక్కడివాళ్ళు ఇక్కడి స్టేషనుకి చెప్తారు కదా. ఉద్యోగమంతా అదే చూశాను. ఎప్పుడూ తప్పలేదు. ఆ రోజు ఒంగోలు వెలిగింది. నువ్వొచ్చి నిలబడ్డావు. గుంటూరు కోసం చూశాను, చూశాను... వెలగలేదు. ఎందుకు వెలగలేదో నాకు ఇప్పటికీ తెలియట్లేదమ్మా."

నాకు ఆ లైట్ల గోల ఎందుకు? "అవతలికి పొండి" అన్నాను. వెళ్ళిపోయారు.

మర్నాటి నుంచి ఆయన దగ్గరికి ఎవరు వెళ్ళినా ఒకటే మాట. "నాకు వినపడదు. తెలీదు. స్టేషనుకి ఫోన్ చెయ్యండి." స్టేషనుకి ఫోన్ చేస్తే ఎత్తేవాడెవడు? చెప్పేవాడెవడు? విచిత్రం ఏంటంటే, మా వీధి ఆడవాళ్ళకి కోపం ఆయన మీద రాలేదు. నా మీద వచ్చింది. ఎదురింటి పిల్లే, అప్పుడు కేకలు పెట్టిన ఆ పిల్లే, ఇప్పుడు దాని తమ్ముడు లారీ నడుపుతున్నాడు, నా దగ్గరికొచ్చి దెబ్బలాడింది.

"నువ్వు అంత గొడవ చెయ్యకపోతే ఆయన చెప్తూనే ఉండేవాడు గదక్కా!"

"అబద్ధం చెప్పేవాడే!"

"అయితే ఏంటి? పది సార్లలో తొమ్మిది సార్లు నిజంగానే మనది కాదుగా. ఆ తొమ్మిది సార్లూ నేను ఇంత ముద్ద తినేదాన్ని. ఇప్పుడు అదీ లేదు."

నేను ప్లేట్లో రెండిడ్లీ వేసి దాని ముందు పెట్టాను.

ఆయన వరండాలో అలాగే కూర్చునేవారు. ఇయర్‌ఫోన్ తీసేశారు. సెట్టు ముందే, కానీ ఇప్పుడు ఒళ్ళో చేతులు పెట్టుకుని. నా హోటలుకి రావడం మానేశారు. ఆ దారిన వెళ్ళాల్సి వస్తే అవతలి పక్క నుంచి వెళ్ళేవారు. చూసీ చూడనట్టు ఉండేదాన్ని. కోపం ఉంది, లేదనను. కానీ పదింటికి ఆయన కూర్చునే బల్ల ఖాళీగా ఉంటే కళ్ళు అటే పోయేవి. ఒక్కోసారి ఎవరికో అల్లం పచ్చడి వేస్తూ, "ఏం చెప్పారు మీరు?" అని నేనే అడిగేసేదాన్ని. వాళ్ళు వింతగా చూసేవాళ్ళు. పిన్నిగారు మాత్రం గిన్నె తెచ్చుకుని ఇడ్లీ పట్టుకెళ్ళేది. ఆయన గురించి నేను అడిగేదాన్ని కాదు, ఆవిడ చెప్పేది. "అదే పాట అమ్మాయ్. ఎందుకు వెలగలేదు, ఎందుకు వెలగలేదు. నిద్రలో కూడా అదే" అనేది. ఆ తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని, మంచం పట్టారని కూడా ఆవిడే చెప్పింది.

బాబాయ్‌గారు పోవడానికి కొన్నాళ్ళ ముందు మా ఆయన కేసు వాయిదాకి ఒంగోలు కోర్టుకి రమ్మన్నారు. గుద్దిన బండివాడి మీద కేసు. సాక్షుల్లో హైవే జీపులో ఆ రోజు డ్యూటీ చేసిన హెడ్ కానిస్టేబుల్, హెడ్డుగారు ఉన్నారు. పెద్దాయన. కోర్టు బయట చెట్టు కింద నేను కూర్చుని ఉంటే తనంతట తనే వచ్చి, "మీరేనామ్మా ఆ మిర్చి లారీ ఆయన..." అని ఆగారు. అవునన్నాను.

"ఆయన్ని లారీలోంచి దింపింది నేనేనమ్మా. బాగానే మాట్లాడాడు. మీ గుంటూరు స్టేషనుకి చెప్పి ఇంటికి కబురు పెట్టిద్దామని సెట్టు చేతిలోకి తీశాను. నా చెయ్యి పట్టుకున్నాడు. 'వద్దు సార్. దెబ్బ చిన్నదే. పోలీసులొచ్చి తలుపు కొడితే మా ఆవిడ కంగారు పడుద్ది. ఫోన్ పగిలిపోయింది, ఆసుపత్రికి వెళ్ళాక నేనే ఎవరి ఫోనైనా అడిగి మాట్లాడతా' అన్నాడు. మనిషి లేచి నిలబడ్డాడు కదా, నేనూ సరేలే అనుకున్నా. సెట్టు మళ్ళీ నడుముకి పెట్టేశాను. అప్పటి నుంచీ మనసులో ఉందమ్మా, చెప్పాలని."

ఆయనకి దణ్ణం పెట్టానో లేదో కూడా గుర్తులేదు. వాయిదా ఇంకో రోజుకి వేశారు. బస్సులో గుంటూరు దాకా కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను. రెండు పక్కలా చేలల్లో పత్తి తీస్తున్నారు, మిరప చేలకి నీళ్ళు పెడుతున్నారు, ఎవరి పనుల్లో వాళ్ళున్నారు. బస్సు దిగి ఇంటికి పోలేదు. నేరుగా బాబాయ్‌గారింటికి వెళ్ళాను.

మంచం మీద ఎముకల గూడులా ఉన్నారు. పిన్నిగారు పక్కన కూర్చుని చెంచాతో రాగిజావ పోస్తోంది. నన్ను చూసి ఆయన దుప్పటి గుండెల మీదికి లాక్కున్నారు, నేను మళ్ళీ తిడతాననేమో. నేను నిలబడే చెప్పాను, హెడ్డుగారు చెప్పింది చెప్పినట్టు. చెయ్యి పట్టుకున్నది చెప్పాను. సెట్టు తీసి మళ్ళీ నడుముకి పెట్టేసింది చెప్పాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. నిజం, అంత జబ్బులో ఆ ముఖం చిన్నపిల్లాడి ముఖంలా అయిపోయింది. మోచేతుల మీద లేవబోయారు. "అదీ! అదీ సంగతి! అతను పిలవనేలేదు! పిలవకపోతే గుంటూరు ఎలా వెలుగుతుంది? చూశావా, నేను చూసింది తప్పు కాదు, లెక్క తప్పు కాదమ్మాయ్..." అని, నా ముఖం చూసి ఆగిపోయారు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు. కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. "క్షమించమ్మా. ఏం వాగుతున్నానో చూడు. నీ మొగుడు పోతే నేను లెక్క చూసుకుంటున్నా" అన్నారు.

నాకు కోపం రాలేదు. నవ్వూ రాలేదు. ఆ మనిషి అంతే. ఇన్నాళ్ళూ ఆ ప్రశ్న ఆయన్ని తినేసింది, దానికి జవాబు దొరికింది, ముందు అదే బయటికి వచ్చింది. మంచం అంచున కూర్చున్నాను. పిన్నిగారు జావ గిన్నె పట్టుకుని ఇద్దరి వంకా చూస్తోంది.

"బాబాయ్‌గారూ" అన్నాను. "నేను కంగారు పడతానని ఆయన పోలీసాయన చెయ్యి పట్టుకున్నాడు. నేను కంగారు పడతానని మీరు పిండి రుబ్బుకోమన్నారు. ఇద్దరూ నన్ను ప్రేమగానే చూసుకున్నారు. కాదనను. కానీ నేను కంగారు పడితే ఏమయ్యేది చెప్పండి? ఏడ్చుకుంటూ బస్సెక్కేదాన్ని. దారిపొడుగునా ఏడ్చేదాన్ని. అక్కడికెళ్ళి ఆయన మంచం పట్టుకుని ఏడ్చేదాన్ని. ఆయన 'ఏడవకే, ఏం కాలేదు' అని నన్ను కసిరేవాడు. ఆ కసురు నాకు రావాల్సింది. ఇద్దరూ కలిసి దాన్ని నాకు లేకుండా చేశారు."

ఆయన వింటూనే ఉన్నారు. నేను ఆపేశాక కూడా, ఇంకా ఏమైనా ఉందేమోనని ఆగారు. ఇంకేం లేదని తెలిశాక మెల్లగా అన్నారు.

"తెలీదనాల్సిందమ్మా. నాకేమీ తెలీదు, ఆటో దిగకు, వెళ్ళు అనాల్సింది."

"అవును, అనాల్సింది" అన్నాను.

పిన్నిగారి చేతిలోంచి గిన్నె తీసుకుని మిగిలిన జావ నేనే తాగించాను.